గాజు పలక కింద బుడగ

"కాన్సర్ అని మీరు ఒక్క మాటంటే చాలు, మొఖ్తార్‌ని వైద్యానికని విమానం ఎక్కించేస్తారు," అన్నాడు కల్నల్ బూఅలెం. "ఆ విమానం మాత్రం ఏ ఆసుపత్రికీ వెళ్లదు."

సైన్యం రహస్య సంకేతాలన్నీ మొఖ్తార్ బుర్రలో ఉన్నాయి. విదేశీ ముఠాకి ఆ బుర్ర కావాలి. ప్రస్తుతం అతను తమన్‌రాసెత్ ఆసుపత్రిలో, ఆపరేషన్ బల్ల మీద, కోసిన పొట్టతో మత్తులో ఉన్నాడు. అక్కడ కణితిని పరీక్షించి చెప్పే పాథాలజిస్టు లేడు. కణితి ముక్కని గడ్డకట్టించి, పల్చగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, ఆ వీడియో ఎడారి దాటి అల్జీర్స్‌లో జులీఖా తెర మీదికి వస్తుంది. ఏజెంట్ జులీఖా మారువేషం డాక్టరు కోటు. కష్టపడి వేసిన వేషమేమీ కాదు, ఆమె నిజంగా డాక్టరే.

"మైక్రోస్కోపు దగ్గర మన ఏజెంటే, గిజ్లాన్. థియేటర్ అటెండరూ మనవాడే. తేడా వస్తే, అటెండరుకి మాత్రమే తెలిసిన కోడ్ మాట చెప్పండి, టీలో చక్కెర ఎక్కువైందని," అన్నాడు కల్నల్.

తెర వెలిగింది. ఎర్ర గోళ్లు స్లైడు సర్దాయి. వీడియోలో వాసన రాదు కాబట్టి సరిపోయింది. గిజ్లాన్ అత్తరుకి అల్జీర్స్ దాకా వచ్చే సత్తా ఉంది.

"కనిపిస్తోందా అక్కా?"

నల్లటి కణాలు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. కాన్సరే. అయినా జులీఖా తెరకి దగ్గరగా వంగింది. ఈ కణాల ముఖం ఆమె ఇంతకుముందే చూసింది.

"కొంచెం ఎడమకి జరుపు."

"ఎందుకక్కా? స్పష్టంగానే ఉందిగా. సర్జన్ తిట్టుకుంటున్నాడు."

"తిట్టుకోనీ, ఆయనకదే వ్యాయామం. ఎడమకి. ఇప్పుడు కిందికి."

తెర అంచున గాలి బుడగ తేలింది, ఖర్జూరం గింజలా.

ఏళ్ల కిందట జులీఖా పనిచేసింది ఆ తమన్‌రాసెత్ ఆసుపత్రిలోనే. భర్త స్లీమాన్ కడుపులోంచి తీసిన ముక్క మీద గాజు పలక మూస్తుంటే ఆమె వేళ్లు వణికాయి. బుడగ లోపలే ఉండిపోయింది. స్లీమాన్ పోయాడు. స్లైడు బీరువాలో మిగిలింది. గిజ్లాన్ ఎవరిదో పాత కాన్సర్ అనుకుని, మొఖ్తార్ స్లైడు బదులు దాన్నే ఏరి తెచ్చింది.

"ఏమంటావక్కా? విమానం ఇంజిన్ కూడా స్టార్ట్ చేసేశారు."

జులీఖా మైకు దగ్గరికి జరిగింది. "నీ టీలో చక్కెర ఎక్కువైందమ్మా, గిజ్లాన్."

కుర్చీ పడిన చప్పుడు. ఒక తిట్టు. తర్వాత అటెండరు రొప్పుతూ, "ఈవిడ కోటు జేబులో ఇంకో స్లైడుంది, డాక్టరమ్మా!"

"పెట్టు."

గడ్డకట్టించిన ముక్కలో ఉండాల్సిన మంచు చిల్లులు ఇందులో ఉన్నాయి. ఇదే మొఖ్తార్‌ది. కాన్సర్ కాదు, వట్టి వాపు.

"సర్జన్ గారూ, కుట్లు వేసేయండి. ఆయన ఇంటికే వెళ్తాడు."

ఫోన్లో విమానం ఇంజిన్ ఆపించి వచ్చిన కల్నల్, ఆమె పక్కన మెల్లగా నిలబడ్డాడు. తెర మీద మళ్లీ బుడగ ఉంది. ఆమే పెట్టించుకుంది.

"పతకం ఎవరి పేరున రాయమంటారు?"

"స్లీమాన్ పేరున," అంది జులీఖా, తెర మీంచి చూపు తిప్పకుండా. "బతికుండగా ఒక్క పనికీ వేళకి రాలేదు."