తొమ్మిదో దిమ్మ మీది చెయ్యి

బందరు బస్టాండు వెనక మేడమీది గదిలో లక్ష్మీదుర్గ ఉద్యోగం. చేపలు చేరడానికని సముద్రం అడుగున దించిన సిమెంటు దిమ్మలకు కెమెరాలు బిగించారు. పదిహేను రోజులకోసారి ఫొటోలు వస్తాయి. ఏ దిమ్మకు ఎన్ని గుల్లలు పట్టాయో చూసి రాయాలి. ఒంటరి పని. ఫ్యాను చప్పుడు తప్ప పలకరించే దిక్కు లేదు.

ఆ దిమ్మలు దించడానికి వెళ్లినప్పుడే ఆమె మొగుడు దుర్గారావు పోయాడు. పడవ తిరిగొచ్చింది, మనిషి రాలేదు. శవమూ దొరకలేదు. ఏడాది చూసి గాజులు తీయిద్దామన్నారు పెద్దలు. ఆ ఏడాది రేపటితో నిండుతుంది.

తొమ్మిదో దిమ్మ పోసిన రోజు దుర్గారావు సరదాపడి పచ్చి సిమెంటులో అరచెయ్యి అద్దాడు. ఇప్పుడు దిమ్మంతా గుల్లలు కమ్ముకున్నాయి. ఆ చేతి అచ్చు మాత్రం నిన్న అద్దినట్టు నున్నగా ఉంది. ఆ సంగతి లక్ష్మీదుర్గ ఏనాడూ పైవాళ్లకు రాయలేదు. రాస్తే గోకి చూస్తారని భయం. ఆమెకు మిగిలింది ఆ చెయ్యొక్కటే మరి.

సాయంత్రం ఐదింటికి ఏటిమొగ నుంచి అత్త సత్యవతమ్మ ఫోను చేసింది.

“పొద్దున్నే వచ్చెయ్యమ్మాయ్. అందరికీ చెప్పేశాం.”

“ఇంకొక్క నెల ఆగుదాం అత్తా...”

“ఎన్నాళ్లని? వాడింక రాడే...” అంది ముసలామె.

ఫోను పెట్టేసి లక్ష్మీదుర్గ కంప్యూటర్లో తొమ్మిదో దిమ్మ ఫొటో తెరిచింది. బురద నీళ్లు, పచ్చటి మసక, మధ్యలో ఆ చెయ్యి. తెర మీద దానికి తన అరచెయ్యి ఆనించింది. ఏడుపు ఆగలేదు.

“ఉన్నావో లేవో చెప్పయ్యా,” అంది గుసగుసగా. “రేపు గాజులు తీసేస్తారంట. తియ్యనివ్వకు.”

తెర చల్లగా తగిలింది. మరీ చల్లగా...

ఫ్యాను ఆగిపోయింది. గదినిండా తడి సిమెంటు వాసన.

గబుక్కున చెయ్యి తీసేసింది. తెర మీద ఇప్పుడు చేతులు రెండు ఉన్నాయి. పెద్ద చేతి పక్కనే చిన్నది, ఆడమనిషిది. మణికట్టు దగ్గర గాజుల గీతలు. ఏడాది కిందటే గట్టిపడిన సిమెంటులో... లోతుగా.

లెక్కపెట్టింది. పన్నెండు. తన చేతికీ పన్నెండే.

గాజులు లాగింది. రాలేదు. ఒక్కటీ కదల్లేదు.

“వద్దు... వద్దయ్యా...”

గాజులు పగలగొడదామని చేతిని బల్లకేసి కొట్టింది. గాజు చప్పుడు కాలేదు. రాయి చప్పుడైంది.