ఆ నడుముకి నేను సూది వెయ్యను

నొప్పుల విభాగంలో చేరిన మొదటి సోమవారమే చిన్న డాక్టరుకి ఒక మనిషి అడ్డం నిలబడ్డాడు.

ఆమె అల్ట్రాసౌండ్ మెషీన్‌ని తోసుకుంటూ ఇంజెక్షన్ల గది దాకా వచ్చింది. తలుపు దగ్గర, మెడ నుంచి మోకాళ్ళ దాకా సీసం ఆప్రాన్ వేసుకుని, ఒక సన్నటి యువకుడు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఎక్స్‌రే టెక్నీషియన్. రేడియేషన్ తగలకుండా పదేళ్ళుగా ఆ బరువు మోస్తున్నాడు కాబట్టి ఆస్పత్రిలో అందరూ అతన్ని ‘సీసం’ అనే పిలుస్తారు.

“ఈ బండి లోపలికి రాదు మేడం.”

“ఎందుకు రాదు? తలుపు వెడల్పుగానే ఉందిగా.”

“తలుపుకేం అభ్యంతరం లేదు. పెద్ద డాక్టరుగారికి ఉంది. వెన్నులో సూది అంటే ఎక్స్‌రేలో చూస్తూనే వెయ్యాలి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడ పద్ధతి అది.”

“ముప్పై ఏళ్ళ కిందట మీరెక్కడున్నారు?”

“ఊయల్లో.”

“మరి ఊయల నాటి పద్ధతికి మీరెందుకింత కాపలా?”

“మీ మెషీన్‌లో ఏం కనిపిస్తుంది మేడం? అంతా మబ్బు పట్టినట్టుంటుంది.”

“చూడ్డం వచ్చినవాళ్ళకి ఆ మబ్బులోనే అన్నీ కనిపిస్తాయి.”

అతను కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు. చివరికి నర్సక్క ఒక పేషంటుని వీల్‌చైర్‌లో తీసుకొచ్చి, “ఇద్దరూ తప్పుకుంటే నేను లోపలికి పోతాను” అనేసరికి చెరో పక్కకి జరిగారు.

సాయంత్రం ఆమె నేరుగా పెద్ద డాక్టరు గదికి వెళ్ళింది.

“లావుగా ఉన్నవాళ్ళలో నీ మెషీన్‌కి ఏం కనిపిస్తుందమ్మా?” అన్నాడాయన తలెత్తకుండా.

“పెద్దగా ఏం కనిపించదు సార్. వాళ్ళకి మీ ఎక్స్‌రేనే మంచిది. సన్నగా ఉన్నవాళ్ళకి, రేడియేషన్ తగలకూడని గర్భిణులకి నాది వాడదాం.”

“నేనుండగా ఆ గదిలో అది కుదరదు.”

“మీరుండగానే కుదరాలి సార్. మీకు తెలియకుండా చెయ్యడం నాకిష్టం లేదు.”

ఆయన కళ్ళజోడు తీసి ఆమెని చూశాడు. ఆ విభాగంలో ఆయనకి ఎదురు చెప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. “ముందు ఎవరి నడుమైనా స్కాన్ చేసి బొమ్మలు చూపించు. తర్వాత మాట్లాడదాం” అన్నాడు.

ఎవరి నడుము దొరుకుతుంది?

గురువారం డ్యూటీ దిగేసరికి వాన జోరుగా పడుతోంది. వెనక గుమ్మం ముందు ఇద్దరూ ఇరుక్కుపోయారు. ఒకే ఒక్క గొడుగు ఉంది, అది ఆమెది. అతను గోడకి ఆనుకుని, ఒక చెయ్యి నడుం మీద ఆనించి, వాన చూస్తున్నట్టు నటిస్తున్నాడు.

“ఎన్నాళ్ళ నుంచి?” అంది ఆమె.

“ఇప్పుడే మొదలైంది మేడం, పావుగంటయింది.”

“నేను వాన సంగతి అడగలేదు. మీ నడుం సంగతి.”

“నాకు నడుం నొప్పా? అసలు నాకు నడుమే లేదని మా అమ్మ బాధ.”

“ఆప్రాన్ తగిలించేటప్పుడు గోడ పట్టుకుంటున్నారు. వెనక్కి చూడాలంటే మొత్తం మనిషి తిరుగుతున్నారు. పేషంట్లు అబద్ధం చెప్పినా నాకు తెలిసిపోతుంది, మీరెంత?”

అతను నవ్వు మానేశాడు. వాన వంకే చూస్తూ, నెమ్మదిగా అన్నాడు. “రెండేళ్ళయింది. పెద్ద డాక్టరుగారికి చెప్పకండి. ఆప్రాన్ మొయ్యలేనివాడు ఈ ఉద్యోగానికి పనికిరాడు. నాకు ఇంకే పనీ రాదు.”

“చెప్పను. కానీ నాకు ఒక నడుం కావాలి.”

“అడిగే పద్ధతేనా మేడం ఇది?”

ఆమెకి నవ్వాగలేదు. గొడుగు తెరిచి, సగం అతని మీదకి జరిపింది. బస్టాపు దాకా ఇద్దరికీ చెరో భుజం తడిసింది.

మర్నాడు భోజనాల వేళ, నర్సక్క పక్కనుండగా, అతను పొట్ట కింద దిండు పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. ఆమె అతని నడుం మీద జెల్ రాసి, మెషీన్‌కి తగిలించిన స్కాన్ ప్రోబ్ ఆనించింది. “చల్లగా ఉంది” అన్నాడు. “తల తిప్పి చూడండి” అంది.

వేల వెన్నెముకలు చూసినవాడు, తన వెన్నెముక ఎప్పుడూ చూసుకోలేదు. తెర మీద తెల్లటి గీతలు, వాటి కింద నల్లటి నీడలు.

“ఈ తెల్లగీత మీ ఎముక. ఇదిగో, ఈ రెండు ఎముకలూ కలిసేచోటు చూడండి. నేను వేలితో నొక్కితే నొప్పి ఇక్కడే కదా?”

“అమ్మా... అక్కడే.”

“మందు పడాల్సింది అక్కడ. సూది ఎంత లోతుకి వెళ్ళిందో, ఎటు వెళ్తోందో తెర మీద చూస్తూనే వెయ్యొచ్చు.”

అతను తెర వంక చూడటం ఎప్పుడో మానేశాడు. నర్సక్క దగ్గింది. “బాబూ, నీ వెన్నెముక అటుపక్క ఉంది” అంది.

ఎవరివో చెప్పకుండా ఆమె ఇచ్చిన ఆ బొమ్మలు పెద్ద డాక్టరు చూసి, “బాగున్నాయి” అన్నాడు. “సూది మాత్రం వద్దు” అన్నాడు. ఆమె వారం వారం అడిగింది, ఆయన వారం వారం వద్దన్నాడు. సీసం మాత్రం తలుపు దగ్గర అడ్డం నిలబడటం మానేసి, ఆమె మెషీన్‌ని తనే తుడిచిపెట్టడం మొదలుపెట్టాడు.

రెండు నెలల తర్వాత ఒక బుధవారం, ఆప్రాన్ విప్పబోయి అతను అలాగే బిగుసుకుపోయాడు. ముందుకూ వంగలేడు, పైకీ లేవలేడు. నర్సక్కా, చిన్న డాక్టరూ ఆప్రాన్ విప్పి, అతన్ని పట్టుకుని బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. ఆమె ముందు కాలివేళ్ళు కదిలించమంది, స్పర్శ తెలుస్తోందా అని రెండు పాదాలూ తాకి చూసింది. అన్నీ బాగానే ఉన్నాయని తేలాక కానీ ఆమె ముఖంలోకి రంగు రాలేదు.

ఇక దాచలేక అతను పెద్ద డాక్టరుకి అంతా చెప్పేశాడు. ఆయన పాత బొమ్మలన్నీ తెప్పించి చూశాడు. “రెండేళ్ళు దాచావట్రా? సూది వేస్తే తగ్గుతుంది. ఎక్స్‌రే ఎవరు నడుపుతారు?”

ఆ మెషీన్ నడపడం వచ్చిన ఒకే ఒక్కడు బల్ల మీద ఉన్నాడు.

“పై వారం వేరే టెక్నీషియన్‌ని పిలిపిస్తాను. అప్పటిదాకా మాత్రలేసుకుని పడుకో.”

“పడుకోను సార్” అన్నాడు అతను, దిండులోంచి. “మేడం మెషీన్‌తో వెయ్యండి.”

“పదేళ్ళు నా పక్కన నిలబడి, ఇప్పుడు పార్టీ మారుస్తావా?”

“మారుస్తాను సార్. నడుం నాది. ఎలా వెయ్యాలో నేనూ చెప్పొచ్చు కదా.”

పెద్ద డాక్టరు ఆ బొమ్మలు ఇంకోసారి తిరగేశాడు. ఆఖరికి చిన్న డాక్టరు వైపు తిరిగాడు. “సరే. నీ మాటే నెగ్గింది. వెయ్యి.”

ఆమె సూదుల ట్రే ఆయన వైపు జరిపింది. “నేను వెయ్యను సార్.”

“రెండు నెలలుగా నా ప్రాణం తీశావు కదమ్మా.”

“మీరు వెయ్యండి. ప్రోబ్ పట్టుకుని నేను చూపిస్తాను. సొంతవాళ్ళకి డాక్టరు సూది వెయ్యకూడదని మీరే కదా చెప్తారు.”

“వీడు నీకు సొంతవాడెప్పుడయ్యాడు?”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి గానీ తల మాత్రం దించలేదు.

“నాకూ తెలియదు సార్” అంది దిండు. “నేనూ ఇప్పుడే వింటున్నాను. కానీ నాకేం అభ్యంతరం లేదు.”

నర్సక్క మొహం గోడవైపు తిప్పుకుంది.

పెద్ద డాక్టరు చేతులు కడుక్కుని గ్లవ్స్ తొడుక్కున్నాడు. ఆమె ప్రోబ్ ఆనించింది. తెర మీద సన్నటి తెల్లటి సూది పక్కనుంచి వచ్చి, ఎముకలు కలిసేచోట ఆగింది. మందు నెమ్మదిగా పరుచుకోవడం అందరికీ కనిపించింది. అంత సేపూ గదిలో ఒక్కరు కూడా ఆప్రాన్ వేసుకోలేదు. పని అయ్యాక ఆయన, “ఈ సోమవారం నుంచి సన్నవాళ్ళందరినీ నువ్వు చూసుకో” అని గబగబా వెళ్ళిపోయాడు.

నొప్పి ఒక్క రోజులో మాయం కాలేదు. వారానికి సగం తగ్గింది. మిగతా సగం, ఆమె గద్దించి చేయించిన వ్యాయామాలతో తగ్గింది. అతను పెద్ద డాక్టరు దగ్గరికి తనే వెళ్ళి, రోజూ ఆప్రాన్ మొయ్యలేనని, మరొక మనిషిని ఇస్తే చెరో పూటా చేస్తామని, తీసేస్తే మాత్రం ఊరుకోనని చెప్పాడు. మనిషిని ఇచ్చారు.

పెళ్ళి చేసుకుంటామంటే ఆమె నాన్న ఒప్పుకోలేదు. ఆయన ముందు గదిలో కుర్చీలో కూర్చుని, ఎదురుగా నిలబడ్డ అతన్ని కింద నుంచి పై దాకా చూశాడు.

“డాక్టరు చదివించింది టెక్నీషియన్‌కి ఇవ్వడానికా?”

“ఇవ్వడానికి నేనేం వస్తువునా నాన్నా? నేను చేసుకుంటున్నాను” అంది ఆమె.

“నువ్వుండు. ఏమయ్యా, నడుం నొప్పట కదా. రేపు సంసారం ఏం మోస్తావు?”

“ఒక్కణ్ణే మొయ్యనండి. ఒక్కణ్ణే మొయ్యబట్టే నడుం ఇలా అయింది. ఈసారి చెరో సగం పట్టుకుంటాం.”

ఆయన కూతురి వైపు చూశాడు. ఆమె అతని పక్కకి వచ్చి నిలబడింది.

“ఒప్పుకుంటారా అని అడగడానికి రాలేదు నాన్నా. మీకు ఏ రోజు వీలవుతుందో అడగడానికి వచ్చాం. మీరు లేకుండా చేసుకోవడం నాకిష్టం లేదు.”

ఆయన లేచి గోడ మీది క్యాలెండరు అందుకున్నాడు. “ఆదివారాలు మీకు సెలవుంటుందా?” అన్నాడు.