బూడిద అతుకు

కొత్తవాడలో మధ్యాహ్నాలు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఏ ఇంటి ముందు నిలబడ్డా మగ్గం దెబ్బ వినిపిస్తుంది, తడిసిన నూలు వాసన వస్తుంది. దవాఖాన నుంచి బాపును ఆటోలో తీసుకొచ్చిన సంధ్యారాణికి ఆ రోజు ఆ చప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది. నెల రోజులుగా గుండెల మీదున్న బరువు దిగింది మరి.

బాపు బాలకిషన్ కడుపులో, బొడ్డుకు కాస్త పైన, గుండె నుంచి దిగే పెద్ద రక్తనాళం ఉబ్బింది. సైకిల్ ట్యూబు ఒకచోట పలచబడి బుడగ కట్టినట్టు, అని డాక్టర్ స్రవంతి చెప్పింది. అది పగలొచ్చు. పగలకముందే గుండెపోటూ రావొచ్చు. అందుకే ఆయన వయసు, బీపీ, తాగిన బీడీలు, ఉబ్బు వెడల్పు అన్నీ కంప్యూటర్‌కిచ్చి అడిగింది. వెనకటికి చిలక జోస్యం, ఇప్పుడు కంప్యూటర్ జోస్యం. కాకపోతే ఈ చిలక చదువుకున్నది. ఈ ఏడాదికి ప్రమాదం తక్కువే, మందులు వాడి మళ్ళీ చూద్దాం అని తేల్చింది.

లేచి వస్తుంటే డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది.

"మీ పెద్దనాయన గూడ ఇట్లనే పోయిండన్నరు కదా. ఇది కొన్ని ఇండ్లల్ల రక్తంలనే వస్తది. మీరు గూడ ఒకసారి స్కాన్ తీయించుకోండి."

"తీయించుకుంట మేడం. ముందుగాల బాపుది కానియ్యండి," అంది సంధ్య. ఇంట్లో ఆడవాళ్ళ రోగాలకు ఎప్పుడూ వాయిదాలే.

పెద్దబాపు ఉప్పలయ్య పోయి ఏడాదయింది. జంపఖానా నేస్తూ నేస్తూ మగ్గం గుంటలోనే ఒరిగిపోయాడు. ఆయన మగ్గం లోపలి గదిలో అట్లాగే ఉంది, మిగిలిన పడుగు పోగులతో సహా. ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉంది. పోయినవాళ్ళ పడుగు కోసి పారేయరు. వేళ్ళకు బూడిద రాసుకుని, ఆ పాత కొసలకే కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతారు. అన్న కొసలకు అతకడానికి బాలకిషన్‌కు చేతులు రాలేదు. అప్పటినుంచి ఆయన మగ్గం జోలికే పోలేదు.

పోయే ముందు ఉప్పలయ్య ఒకటే అనేవాడు: "సచ్చిపోయిన నాయిన మగ్గం కొడ్తాండు, మీకు వినవడ్తలేదా?" ఎవరికీ వినపడేది కాదు. ముసలాయనకు చెవుల్లో ఈగలు దూరాయని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. అందరికంటే ఎక్కువ నవ్వింది సంధ్యే.

చాయ్ పెట్టేలోపే మబ్బు కమ్మేసి వాన మొదలైంది. పట్టపగలే చీకటి పడినట్టయింది. కరెంటు పోయింది. పక్కిళ్ళ పవర్‌లూములు ఆగాయి. చీకట్లో పోగు కనపడక చేతి మగ్గాలవాళ్ళూ లేచి అరుగుల మీదికి వచ్చినట్టున్నారు. వాన చప్పుడు తప్ప వాడంతా మూగబోయింది.

అప్పుడు వినిపించింది.

దబ్... దబ్... దబ్...

లోపలి గదిలోంచి.

సంధ్య చాయ్ గ్లాసు కింద పెట్టింది. "బాపూ... లోపట ఎవరున్నరు?"

"ఎవరుంటరు బిడ్డా?"

"మగ్గం... వినవడ్తలేదా?"

బాలకిషన్ చెవి ఒగ్గి విన్నాడు. "వాన సప్పుడు తప్ప నాకేం వినవడ్తలేదు."

ఆమెకు ఒకటే తోచింది. పెద్దబాపు తమ్ముణ్ణి తీసుకుపోవడానికి వచ్చాడు. అంతే. ఇంకేం ఆలోచన రాలేదు. గూట్లోంచి కత్తెర తీసుకుని లోపలికి నడిచింది.

గదిలో బీడీ వాసన. తడి బూడిద వాసన. మగ్గం కదలడం లేదు. దాని మీది సాలెగూడు కూడా తెగలేదు. అయినా దెబ్బ వినిపిస్తూనే ఉంది... ఆమె ఎంత దగ్గరికి పోతే అంత గట్టిగా...

"మా బాపును నీకియ్య," అని గొణిగింది. పడుగు గుప్పిట పట్టింది.

గడప దగ్గర నిలబడి బాలకిషన్ కేక పెట్టాడు. "కొయ్యకు బిడ్డా! ఆ కొసలు లేకుంటే అన్న తన పోగును ఇంక దేనికి అతుకుతడు?"

కర్... కర్... కర్... పోగులన్నీ తెగి వేలాడాయి.

చప్పుడు ఆగింది.

సంధ్య పరుగున వచ్చి బాపు కడుపు మీద చెయ్యి పెట్టింది. లోపల నాళం నిదానంగా, బుద్ధిగా కొట్టుకుంటోంది. ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. బాపు బతికాడు. ఇంతలో కరెంటు వచ్చింది. బల్బు వెలిగింది. ఎవరింట్లోనో పవర్‌లూము మళ్ళీ మొదలైంది.

దాని వెనకే...

దబ్... దబ్... దబ్...

ఆమె చెయ్యి ఇంకా బాపు కడుపు మీదే ఉంది. అక్కడి దెబ్బ వేరు. ఈ దెబ్బ వేరు. ఇది ఇంకా వేగంగా ఉంది. లోపలి గదిలోంచి కాదు. చాలా దగ్గర్నుంచి...

బాలకిషన్ ఆమె ముఖం వైపు చూడటం లేదు. కిందికి చూస్తున్నాడు.

"బిడ్డా..." అన్నాడు గుసగుసగా. "నీ కొంగు... ఎందుకట్ల ఎగురుతాంది?"

నడుము చుట్టూ దోపుకున్న కొంగు, ఒక్కో దెబ్బకూ ఒకసారి, లేచి పడుతోంది.

ఆమె కొంగు తొలగించింది. ఆ ఏడాదంతా ఆ ఇంట్లో ఎవరూ బూడిద ముట్టలేదు. కానీ ఆమె బొడ్డుకు కాస్త పైన, పోగును మెలిపెట్టి వదిలినచోట మిగిలినట్టు, బొటనవేలిదొకటి, చూపుడువేలిదొకటి, రెండు బూడిద ముద్రలు ఉన్నాయి. వాటి తడి ఇంకా ఆరలేదు.