వారం వారం చచ్చే బ్యాటరీ

ఆ కారు మళ్ళీ మొండికేసింది. నెలలో ఇది మూడోసారి.

"రండి డాక్టర్‌గారూ, పేషెంట్ మీ కోసమే ఎదురుచూస్తోంది," అన్నాడు ఇంజనీరు, ఆఫీసు పార్కింగ్‌లో చేతులు కట్టుకుని. కారు కదలని మనిషి అంత ఆనందంగా ఉండడం మెకానిక్ పిల్ల ఎక్కడా చూడలేదు.

ఆమెకు ఒళ్ళు మండింది. ఆ కొత్త బ్యాటరీ బిగించింది తనే. ఈ కాలం కార్లకి బిగిస్తే సరిపోదు, కొత్తది వచ్చిందని స్కానర్ పెట్టి కారులోని కంప్యూటర్‌కి విన్నవించుకోవాలి. ఆ మర్యాదా చేసింది. అయినా వారానికోసారి చస్తూనే ఉంది. షాపు ఓనరైన నాన్న పొద్దున్నే తేల్చేశాడు: "ఇంకోసారి ఆ కారు ఆగిందంటే నీకు బయటి పనులు బంద్. కౌంటర్‌లో కూర్చో." ఏడేళ్ళు చేతులు కాల్చుకుని నేర్చుకున్న పని అది. పోతుందంటే ఏడుపొచ్చింది.

"దిగేటప్పుడు లైట్లు ఆర్పారా?"

"ఆర్పకుండా ఉంటానా? ఇంజనీర్నండీ."

"అదే నా భయం."

జంపర్ కేబుల్స్ తగిలించి స్కానర్ పెట్టింది. తెర మీద కారు చిట్టా విప్పింది.

"ఇవాళ మంగళవారం, తొమ్మిదింటికి ఇంజన్ ఆపారు. తొమ్మిదీ రెండుకి హెడ్‌లైట్లు వేశారు. పోయిన మంగళవారమూ అంతే. ఆ ముందుదీ అంతే. పట్టపగలు ఎవరికండీ ఈ దీపారాధన?"

అతని మొహం పాలిపోయింది. ఆఫీసులో కంప్యూటర్లు రాసుకునే లాగ్‌లు చదివి బతికేవాడు, కారు కూడా లాగ్ రాసుకుంటుందని మర్చిపోయాడు.

"మీరొస్తారని..."

"ఫోన్ చేసి కాఫీకి రమ్మంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"కాదంటారేమోనని భయం."

"అందుకని నా పనికి ఎసరు పెట్టారా? మీ సరదాకి మా నాన్న దగ్గర నేను చేతకానిదాన్నయ్యాను!" అంది. కళ్ళు తుడుచుకుని, టూల్ బ్యాగ్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఆమె షాపు చేరిన పది నిమిషాలకు అతనూ దిగాడు. ఇద్దరు కస్టమర్లున్నారని కూడా చూడలేదు.

"అంకుల్, బ్యాటరీ మంచిదే. బిగించిన చెయ్యీ మంచిదే. లైట్లు నేనే వేసి వదిలేశాను."

"ఎందుకు బాబూ?"

"మీ అమ్మాయి వస్తారని."

కస్టమర్లు తమ బ్యాటరీల సంగతి మర్చిపోయారు. నాన్న కళ్ళజోడు పైకి తోసి అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"తలుపు బార్లా తెరిచి ఉంటే గోడ దూకే తెలివి! ఏం చదివావు నాయనా?" కూతురి వైపు తిరిగాడు. "అమ్మా, అనవసరంగా నీ మీద నోరు పారేసుకున్నాను. బయటి పనులన్నీ నీవే. ఇతగాడి సంగతి కూడా నువ్వే చూసుకో."

ఆమె కోపం పూర్తిగా తగ్గలేదు. కానీ నలుగురి ముందు పరువు పోయినా తన పని నిలబెట్టినందుకు అతను నచ్చాడు. మొదటి రోజే కాస్త నచ్చాడు, అది ఇప్పుడు చెప్పడమెందుకులే అనుకుంది.

"ఆదివారం ఖాళీయేనా?"

"ఖాళీయే! కారు తెస్తాను."

"వద్దు, నడిచి రండి. మీ కారుని నమ్మాను. మిమ్మల్ని నమ్మడానికి కొంచెం టైమ్ పడుతుంది."

నవ్వు దాచుకోవడానికి గబుక్కున అటు తిరిగింది. అటువైపే నాన్న నిలబడి ఉన్నాడు.