తలుపు తట్టని మంగళవారాలు

తొమ్మిదిన్నరకు స్నానం చేసి బయటికొచ్చిన భర్తకు ఇంట్లో భార్య కనిపించలేదు. మూడు నెలల పాపా లేదు. వీధి తలుపు బార్లా తీసి ఉంది.

పదకొండూ పదికి మహిళా ఎస్సై వచ్చింది. వంటింట్లో పాలసీసా, పాలపొడి డబ్బా. మంచం మీద భార్య ఫోన్.

"పాప ఆఖరిసారి పాలెప్పుడు తాగింది?"

"ఎనిమిదింటికి."

ఎస్సై వాచీ చూసుకుంది. మూడు గంటలు దాటింది.

"గొడవేమైనా జరిగిందా?"

"లేదు మేడమ్."

"ఆవిడ రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోతోందా?"

భర్త తన తల్లి వైపు చూశాడు.

"పసిపిల్ల తల్లికి నిద్రేంటమ్మా," అంది పక్కవీధి నుంచి పరుగున వచ్చిన అత్తగారు. "మేం పెంచలేదా? ఎవరో మాయమాటలు చెప్పి తీసుకెళ్లుంటారు. వాళ్లని పట్టుకోండి."

గుమ్మం దగ్గర ప్రభుత్వ తల్లీబిడ్డల సహాయ కేంద్రం నర్సు నిలబడి ఉంది. ప్రతి మంగళవారం వచ్చి పాపను తూచి, తల్లి బాగోగులు కనుక్కోవడం ఆమె పని. భర్త ఫోన్ చేస్తే వచ్చింది.

"మొన్న మంగళవారం ఆవిడ ఎలా ఉంది?" ఎస్సై అడిగింది.

"బాగుంది మేడమ్. నవ్వుతూ మాట్లాడింది. రిజిస్టర్లో రాశాను."

ఎస్సై ఆమె చేతిలోని రిజిస్టర్ తీసుకుని తిప్పింది. అలమరలోని టీకా కార్డు తీసి పక్కన పెట్టింది. రెండింటినీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫ్రిజ్ దగ్గరికి నడిచింది. తలుపుకి ఉత్త అయస్కాంతం ఒకటి అతుక్కుని ఉంది.

"దీని కింద ఏముండేది?"

"వీళ్ల కేంద్రం కాగితం," అన్నాడు భర్త. "సాయం కావాలంటే రమ్మని."

"అక్కడికి రాలేదు మేడమ్," అంది నర్సు.

"కాగితం మీద ఏ అడ్రస్ ఉంది?"

నర్సు మొహం పాలిపోయింది. "పాతది. నెల కింద మారాం."

ఎస్సై పాలసీసా, డబ్బా చేతిలోకి తీసుకుంది. "జీపెక్కండి."

పదకొండూ నలభై. మూడంతస్తుల ఖాళీ భవనం. పైనుంచి ఏడుపు, గొంతు బొంగురుపోయిన ఏడుపు. ఎస్సై రెండేసి మెట్లు ఎక్కింది.

తాళం వేసిన తలుపు ముందు భార్య కూర్చుని ఉంది, పాప ఒళ్లో. చూపు ఎక్కడో ఉంది.

"తడుతూనే ఉన్నాను," అంది. "ఎవరూ తియ్యడం లేదు."

ఎస్సై కలిపిచ్చిన పాలసీసా నోటికందగానే పాప ఏడుపు ఆపింది.

"ఇక్కడుందని మీకెలా తెలిసింది?" భర్త ఆయాసపడుతూ అడిగాడు.

"రిజిస్టర్లో ఆరు వారాలు, వారానికి సరిగ్గా నూట యాభై గ్రాములు. పసిపిల్ల బరువు జీతంలో ఇంక్రిమెంటు కాదు. పోయిన వారం టీకాకి వెళ్లినప్పుడు ఆస్పత్రిలో తూచారు. రిజిస్టర్లో ఉన్నదానికంటే ఆరువందల గ్రాములు తక్కువ. అంటే ఇంటికి ఎవరూ రాలేదు. రానప్పుడు, ఆఫీసు మారిందని ఈవిడకి చెప్పిందెవరు?"

నర్సు తలెత్తలేదు. "రెండువందల ఇళ్లు మేడమ్. నేనొక్కదాన్నే."

"అదీ రాస్తాను. మీరు రాసిందీ రాస్తాను."

"మంగళవారం పొద్దున్నే ఇల్లు ఊడ్చి కూర్చునేదాన్ని," అంది భార్య, ఎవరితోనో చెబుతున్నట్టు. "ఎవరైనా వస్తారని."

భర్త గోడకు జారబడ్డాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నర్సు వచ్చి భార్య పక్కన కూర్చుంది.

"ఎన్ని రోజులైందమ్మా, కంటినిండా నిద్రపోయి?"

భార్య వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది దాటాక ఏడ్చేసింది.