గోడ పక్కన నాలుగు వరుసలు

ఆ శనివారం పొద్దున లూత్స ఒక చేత్తో కాఫీ పొంగకుండా చూసుకుంటూ, రెండో చేత్తో పిండిముద్దలు నూనెలోకి వదులుతోంది. కోడలు యాన్య బల్ల మీద కప్పులు సర్దుతోంది. కొడుకు వింకో గుమ్మంలో కూర్చుని జోళ్ళకంటిన ఎర్రమట్టి గీకుతున్నాడు. ఇంటిపెద్ద షిమున్ మాత్రం పొద్దున్నే ఊళ్ళోకి వెళ్ళి, మొహం మాడ్చుకుని తిరిగొచ్చాడు. టోపీని కొక్కేనికి తగిలించకుండా కుర్చీలో పడేశాడు. ఆయన టోపీ కుర్చీలో పడిందంటే ఎవరికో మూడిందన్నమాటే.

"హోటలు పెరో నన్నేం అడిగాడో తెలుసా?" అన్నాడు, ఎవరి వంకా చూడకుండా. "‘షిమున్, ఈసారి నీ బ్లాటినాలో నీళ్ళు కలిపావా?’ అని. నలుగురి ముందూ! నన్ను!"

"కలపలేదని చెప్పకపోయారా మామయ్యా?" అంది యాన్య.

"ఏమని చెప్పను? రంగు కోసం కలిపే ట్రన్యాక్‌ని మా కోడలు విడిగా పీపాలో దాచుకుంది, అందుకే ఇలా పాలిపోయిందని చెప్పనా?"

మా బ్రోత్న్యో ప్రాంతంలో ఎర్ర వైన్ అంటే బ్లాటినాయే. పెళ్ళికైనా చావుకైనా అదే పోస్తాం. మహారాణి లాంటి ద్రాక్ష, కానీ దానికో లోపముంది. దాని పువ్వులో ఆడతనమే తప్ప పనికొచ్చే పుప్పొడి ఉండదు. పక్కన ఇంకో జాతి ద్రాక్ష పూతకొచ్చి, దాని పుప్పొడి గాలికి ఎగిరొస్తేనే బ్లాటినా కాస్తుంది. లేకపోతే గుత్తులు ఉత్త ఈనెల్లా మిగిలిపోతాయి. అందుకే పెద్దవాళ్ళు దానికి ‘ఖాళీ పీపా’ అని ముద్దుపేరు పెట్టారు.

షిమున్ తండ్రి ఆ పని కోసమే రాతిగోడ పక్కన ట్రన్యాక్ అనే ఇంకో నల్లద్రాక్ష నాలుగు వరుసలు నాటాడు. జూన్‌లో పుప్పొడి ఇవ్వాలి, కోతలయ్యాక బ్లాటినాలో కలిసి రంగివ్వాలి. అంతవరకే దాని ఉద్యోగం. దాన్ని దానిగా రుచి చూసినవాడు ఆ ఇంట్లో ఒక్కడూ లేడు.

యాన్యది కొండలకీ సరిహద్దుకీ అవతల, ఇమోట్‌స్కీ. అక్కడ ట్రన్యాక్‌ని ట్రన్యాక్‌గానే తాగుతారు. నల్లరేగుపండు రంగు, నాలుక మీద కాస్త వగరు, మింగాక చాలాసేపు నిలిచే రుచి. ఐదేళ్ళు అత్తింట్లో నోరు మూసుకుని, తెలిసినవాళ్ళని నీళ్ళలో ముంచేస్తున్నట్టు ఆ ద్రాక్షని బ్లాటినాలో పోస్తూ వచ్చింది. పోయిన కోతలప్పుడు నడుంనొప్పితో షిమున్ మంచానపడ్డాడు. ఆ అదను చూసి గోడ పక్క వరుసల కాపు విడిగా తొక్కించి, ఒక పీపాలో పులియబెట్టింది.

"ఒక్క గుక్క రుచి చూడండి మామయ్యా. ఆర్నెల్లుగా అడుగుతున్నాను."

"మీ ఇమోట్‌స్కీ వాళ్ళు తాగుతారేమో. మా ఇంట్లో దాన్ని ఉన్నికి రంగెయ్యడానికి కూడా వాడం. ఇవాళే ఆ పీపా తీసి బ్లాటినాలో కలిపెయ్."

"కలపను."

అరవలేదు, మామూలుగానే అంది. వింకో మట్టి గీకడం ఆపేశాడు. నూనెలో పిండిముద్దలు మాడుతున్నాయని లూత్సకి ఆలస్యంగా తెలిసింది.

"ఏమన్నావు?"

"కలపనన్నాను. మీ బ్లాటినాకి రంగు కావాలంటే వచ్చే ఏడు సగం కాపు ఇస్తాను. ఈ ఒక్క పీపా మాత్రం ట్రన్యాక్‌గానే ఉంటుంది. సీసాల మీద కూడా ఆ పేరే రాస్తాను. మా పుట్టింటి ద్రాక్ష అని కాదు మామయ్యా. మీ నేలలో పండిన ద్రాక్షే అది. దానికీ ఒక పేరుంది."

షిమున్ లేచాడు. "పీపా నువ్వే ఉంచుకో అమ్మాయ్. వచ్చే ఏడు నుంచి ఈ గొడవే లేకుండా చేస్తాను. ఒరేయ్ వింకో! ట్రాక్టరుకి గొలుసు కట్టు."

"మతి పోయిందా నీకు?" లూత్స గరిటెతో అడ్డం వచ్చింది. "పూత మాటేమిటి?"

"గోడ అవతల జోజోగాడి తోటంతా జిలావ్కా ద్రాక్షే. దానికి పుప్పొడి లేదా? గాలికి గోడ అడ్డమా?"

అత్త మీద కోపం దుత్త మీద తీర్చినట్టు అంటారు. ఇక్కడ కోడలి మీద కోపం తీగల మీదికి తిరిగింది. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు వింకో కాసేపు అటూ ఇటూ చూశాడు. చివరికి పిరికివాళ్ళు చేసే పనే చేశాడు. వెళ్ళి గొలుసు కట్టాడు.

యాన్య రాతిగోడ మీద కూర్చుని చివరి మొద్దు పెకిలేదాకా చూసింది. మనిషి తొడంత లావున్న మొద్దులవి. వేళ్ళతో పాటు రాళ్ళు కూడా లేచొచ్చాయి. ఆమె కంట ఒక్క చుక్క రాలేదు.

వింకో ట్రాక్టరు దిగి దగ్గరకొచ్చాడు. "ఆయన సంగతి నీకు తెలుసుగా యాన్యా..."

"ఆయన సంగతి తెలుసు. నీ సంగతే ఇవాళ తెలిసింది."

పెట్టె సర్దుకుని పుట్టింటికి పోతుందని ఊరంతా ఎదురుచూసింది. లూత్స ఉండబట్టలేక అడిగేసింది కూడా. "నేనెందుకెళ్తాను అత్తయ్యా? ఇది నా ఇల్లు. నా పీపా ఇక్కడే ఉంది" అంది యాన్య. వంట చేసింది, తోటపని చేసింది, మామగారి నడుముకి మందు రాయమని అత్తగారికి గుర్తు చేసింది. వింకోతో మాత్రం ‘ఉప్పు అందుకో’, ‘తలుపు వెయ్యి’ లాంటి మాటలే మాట్లాడింది. అంతకంటే తిట్టి ఉంటే బాగుండునని వింకో అనుకున్నాడు.

జూన్ వచ్చింది. ఎండ తగిలే వాలు మీద బ్లాటినా మొగ్గలు విచ్చుకున్నాయి. గోడ అవతల కొండ నీడలో ఉన్న జోజో జిలావ్కా మాత్రం పచ్చిమిరియాల్లా ముడుచుకునే ఉంది. షిమున్ పొద్దునా సాయంత్రం గోడ దగ్గర నిలబడి అటే చూసేవాడు. జోజో ఊరుకునే మనిషి కాదు.

"నీ పెళ్ళికూతుళ్ళు తొందరపడ్డారు షిమున్! మా కుర్రాళ్ళింకా గడ్డం కూడా గీసుకోలేదు."

"నోర్ముయ్ జోజో. రెండ్రోజుల్లో విచ్చుకుంటాయి."

రెండ్రోజులు పోయినా విచ్చుకోలేదు. బ్లాటినా పువ్వు ఎవరి కోసమూ ఎక్కువరోజులు ఆగదు. షిమున్ అన్నం సగంలో వదిలేసి లేచిపోతున్నాడు. తన తప్పు ఆయనకి అప్పటికే తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మాత్రం నోరు రాలేదు.

యాన్య పెరట్లోకి వెళ్ళి తండ్రికి ఫోన్ చేసింది. "నాన్నా, మన ట్రన్యాక్ పూతకొచ్చిందా?"

"నిన్ననే విచ్చుకుంది తల్లీ. ఊరంతా ఒకటే వాసన" అన్నాడు ఇల్కో.

"పూతతో ఉన్న కొమ్మలు కావాలి. వ్యానుకి నిండా."

పూత కోస్తే ఆ మేరకి కాపు పోతుందని ఆ ముసలాయనకి వేరే చెప్పక్కర్లేదు. "మీ మామ గొలుసు కట్టించి పీకించాడే, ఆ తోటకా?"

"ఆ తోటకే."

"సిగ్గు లేదే నీకు!"

"లేదు నాన్నా. బ్లాటినా నన్నేం అనలేదుగా."

ఇల్కో నవ్వాడో నిట్టూర్చాడో తెలియలేదు. "రా. కత్తెర సానబట్టి ఉంచుతాను" అన్నాడు.

వచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర కాపలా ఆయన వ్యాను వెనక తలుపు తెరిచి తెల్లబోయాడు. తడి గోనెల్లో, బకెట్లలో, ఎక్కడ చూసినా కొమ్మలే. "ఏమిటమ్మా ఇవన్నీ?"

"పెళ్ళికొడుకులు. ముహూర్తం దాటిపోతోంది, కాస్త తొందరగా వదలండి."

ఆయనదీ ఇమోట్‌స్కీయే కాబోలు, ఒక కొమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "ట్రన్యాక్!" అని తలుపు వేసేశాడు.

మర్నాడు మంచు ఆరాక, వాలు మీద రెండు చెక్కలుగా ఉన్న తోటలో యాన్య కింది చెక్కలోకి దిగింది. బ్లాటినా గుత్తి మీద ట్రన్యాక్ కొమ్మని పట్టుకుని మెల్లగా దులపాలి. పసుప్పచ్చ పొడి కనపడీ కనపడకుండా రాలుతుంది. అక్కణ్ణించి ఇంకో గుత్తికి. ఒక వరుస పూర్తయ్యేసరికి భుజాలు పట్టేశాయి. అంతలో వెనకాల ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడైంది. తలకి గుడ్డ కట్టుకుని లూత్స వచ్చింది.

"ఎలా దులపాలో చూపించు."

చూపించింది. ఇద్దరూ ఒకే వరుసకి చెరో వైపునా పనిచేశారు. కాసేపటికి లూత్సే మాట కదిపింది.

"నలభై ఏళ్ళుగా ఈ ఇంటి వైన్‌ని షిమున్ వైన్ అనే అంటున్నారు. పీపాల్లోకి దూరి కడిగిందెవరని ఒక్కడూ అడగలేదు. నేనూ చెప్పలేదు. నువ్వొచ్చి, దీని పేరు ఇదీ, దీన్ని చేసింది నేనూ అన్నావు. నీ మీద ఎంత కోపమొచ్చిందో తెలుసా?"

"నా మీదెందుకత్తయ్యా?"

"నేను అనలేకపోయాను కాబట్టి" అని లూత్స కొమ్మని గట్టిగా దులిపింది.

"అంత గట్టిగా కాదు, పువ్వు రాలిపోతుంది."

"సరేలే, మేస్త్రీ!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. పై అరుగు మీద నుంచి షిమున్ గొంతు వినపడింది. "ఏమిటా వేషాలు? ద్రాక్షకి విసనకర్రలు విసురుతున్నారా?"

"నువ్వు దిగొచ్చి విసురు, నీ నోటిలోని గాలైనా పనికొస్తుంది!" అని లూత్స అరిచింది. పెళ్ళయిన నలభై ఏళ్ళలో లూత్స ఆయన్ని ఎగతాళి చెయ్యడం అదే మొదలు. షిమున్ లోపలికి వెళ్ళిపోయాడు.

వింకో వచ్చి వరుస చివర నిలబడ్డాడు. "నేను ఆ గొలుసు కట్టకుండా ఉండాల్సింది" అన్నాడు నేల చూపులు చూస్తూ.

యాన్య అతని చేతిలో ఒక కొమ్మ పెట్టింది. "మాటలు తర్వాత. ఎండెక్కితే పుప్పొడి పాడవుతుంది. పట్టుకో."

పూత ఉన్నన్నాళ్ళూ ముగ్గురూ అదే పని చేశారు. అయినా కొమ్మలు కింది చెక్కకే సరిపోయాయి. పై చెక్కని గాలికీ జోజోకీ వదిలేయాల్సి వచ్చింది.

జూలై ఎండల్లో ఎవరూ చెప్పకుండానే లెక్క తేలిపోయింది. కింది చెక్కలో గుత్తులు గింజ కట్టి బరువుగా వేలాడుతున్నాయి. పై చెక్కలో ఉత్త ఈనెలు, వాటి మీద అక్కడొకటి ఇక్కడొకటి ఆవగింజంత కాయలు. షిమున్ ఒక్కడే రెండు చెక్కలూ తిరిగాడు. పెకిలించిన మొద్దుల గుంటల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నేరుగా నేలమాళిగలోకి దిగాడు.

వంటింట్లోకి వచ్చేసరికి ఆయన చేతిలో గ్లాసుంది. నల్లగా, అంచున ఊదారంగుతో, సగం ఖాళీ అయిన గ్లాసు. యాన్య కూరగాయలు తరగడం ఆపి చూసింది. ఆయన గ్లాసుని బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు, ఇంకో గుక్క తాగాడు.

"ఇది మా గోడ పక్కదేనా?"

"మీ గోడ పక్కదే మామయ్యా."

"మా నాన్న నాటాడు. అరవై ఏళ్ళు పక్కనే ఉంది. నేనెప్పుడూ..." ఆయన గ్లాసుతో సహా అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు. లూత్స వెనకాలే వెళ్ళబోతే యాన్య చెయ్యి పట్టుకుని ఆపింది. కొంతమంది మగవాళ్ళకి ఏడవడానికి చోటు కావాలి.

ఆ రోజు క్షమించమని ఆయన అనలేదు. కోతలప్పుడూ అనలేదు. పై చెక్క నుంచి ఖాళీ బుట్టలు దిగుతుంటే జోజో ఏదో అనబోయి, ఆయన మొహం చూసి మానుకున్నాడు.

చలికాలం చివర, తీగలు నిద్రపోతూ ఉండగానే అంటు కట్టడానికి కొమ్మలు తెచ్చుకోవాలని యాన్య పుట్టింటికి బయల్దేరింది. వింకో వ్యాను తిప్పుతున్నాడు. అప్పుడు షిమున్ ఆదివారం కోటు తొడుక్కుని వచ్చి, ఎవరినీ అడక్కుండా వెనక సీట్లో ఎక్కి కూర్చున్నాడు. పెళ్ళి చేసి తీసుకెళ్ళాక ఆయన ఆ గడప తొక్కడం అదే మొదటిసారి.

ఇల్కో గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, కత్తెర చేతిలో పట్టుకుని. గేటు తీయలేదు. వియ్యంకుణ్ణి పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఏం కావాలని వచ్చావు షిమున్?"

ఇద్దరూ ఇద్దరే, నిప్పుతొక్కిన కోతులు. షిమున్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"నేనేం అడగడానికి రాలేదు ఇల్కో. అడిగే మొహం నాకు లేదు. ఏ తీగ కోయాలో, ఎన్ని కోయాలో, మా నేలలో ఎక్కడ నాటాలో అన్నీ నా కోడలు చెబుతుంది. నేను మోయడానికొచ్చాను."

ఇల్కో గేటు తీశాడు.

తీగల మధ్యకి వెళ్ళాక షిమున్ కోటు విప్పి కొయ్యకి తగిలించాడు. మోపు కట్టే తాడు భుజాన వేసుకుని, నడుం నొప్పికి పళ్ళు బిగించి, కోడలి వెనక నిలబడ్డాడు. మొద్దులు పెకిలిస్తుంటే రాని కన్నీళ్ళు, ఏడాదిగా రాని కన్నీళ్ళు, యాన్యకి అప్పుడు వచ్చాయి. ఆపుకోవడానికి ప్రయత్నించలేదు.

"ఏడుపు ఇంటికెళ్ళాక ఏడుద్దువుగాని అమ్మాయ్" అన్నాడు షిమున్, తాడు భుజం మీద సర్దుకుంటూ. "ముందు ఇది చెప్పు. ఏ తీగ?"

యాన్య మొహం తుడుచుకుని చెయ్యి చాపి చూపించింది.

"అదిగో మామయ్యా. ఆ వరసంతా."