సూదికి ఏడవని పాప

పాప నీలంగా ఉంది.

పెదవులు నీలం. గోళ్లు నీలం. నిండా మూడు నెలలు లేని పిల్ల. ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం, అది జారిపోకుండా చెంప మీద టేపు. గొట్టంలోంచి గాలి వస్తూనే ఉంది. పిల్ల మాత్రం చూస్తుండగానే నల్లబడిపోతోంది.

ఇన్‌స్పెక్టరమ్మ మంచం పక్కన నిలబడింది. కత్తి దూసినవాడి ఎదురుగా నిలబడి కూడా కన్నార్పని మనిషి. అలాంటిది, ఈ వార్డులో అడుగుపెట్టగానే భయమేసింది. ఎవరితో చెప్పుకుంటుంది? ఖాకీ బట్టలు వేసుకున్నాక భయపడే యోగం కూడా లేదాయె.

నిన్న ఇదే వార్డులో ఓ బాబు ఇలాగే నీలంగా మారాడు. వాణ్ణి పై అంతస్తులో ఐసీయూకి తీసుకెళ్లి మెషిన్ మీద పెట్టారు. గుండెలో లోపమేమో అనుకున్నారు. ఇవాళ పదకొండింటికి ఈ పాప. ఒకరికొస్తే జబ్బు అనుకోవచ్చు. ఇద్దరికి వచ్చేసరికి పోలీసుల్ని పిలిచారు.

రెండుసార్లూ డ్యూటీలో ఉన్నది ఒకే నర్సు. పొట్టిగా ఉంటుందని అందరూ చిట్టి సిస్టర్ అంటారు. పాప తల్లి ఆమె జుట్టు పట్టుకుని వార్డంతా ఈడ్చిందట, నా పిల్లకి ఏం పెట్టావే అంటూ. వార్డు పెత్తనమంతా చూసే పెద్ద సిస్టర్ అడ్డం పడి విడిపించి, చిట్టి సిస్టర్‌ని స్టోర్ రూమ్‌లోకి తోసి బయట గొళ్లెం పెట్టింది. పాప తండ్రి తన మనుషుల్ని వెంటేసుకుని గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. ఆ నర్సుని మాకు వదిలేయండి, మిగతాది మేం చూసుకుంటాం అంటున్నాడు.

కుర్ర డాక్టర్ నుదురు చెమటతో తడిసిపోయింది.

"ఒంట్లోకి ఏం వెళ్లిందో చెప్పండి మేడమ్, విరుగుడు ఇస్తాను. తెలియకుండా ఏదో ఒకటిచ్చి చూడలేను. గంట ఆగితే పిల్ల దక్కదు."

అని, పాప పాదం పైన నరంలో సూది గుచ్చి రక్తం తీశాడు. పాప కదల్లేదు. మెదల్లేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు నా తల్లికి అని పాప తల్లి నోట్లో కొంగు కుక్కుకుంది. సిరంజిలోకి వచ్చిన రక్తం ఎర్రగా లేదు. కాఫీ డికాక్షన్‌లా ఉంది. ప్రాణవాయువు తగ్గితే రక్తం ముదురుగానే ఉంటుందన్నాడు డాక్టర్. కానీ ఆ మాట అతనికే నమ్మబుద్ధి కాలేదు.

గొట్టం సర్దడానికి చెంప మీది టేపు లాగాడు. పాప ఒక్కసారిగా కేరుమంది. పక్క మంచాల్లో తల్లులంతా ఉలిక్కిపడి చూశారు.

ఇన్‌స్పెక్టరమ్మ మనసులో ఏదో ముల్లులా గుచ్చుకుంది. ఏమిటో అంతు చిక్కలేదు.

ముందు ఆక్సిజన్ పైపులు చూసే టెక్నీషియన్‌ని నిలదీసింది. అతను పైపు చూపించాడు, ప్రెషర్ చూపించాడు. అదే లైన్ మీద ఉన్న ఇంకో ఇద్దరు పిల్లలు గులాబీ మొగ్గల్లా ఉన్నారు. అతన్ని వదిలేసింది. పాలు కలిపే గదికి వెళ్లింది. అదే డబ్బా, అదే నీళ్లు, వార్డులో సగం మంది తాగారు. ఎవరికీ ఏమీ కాలేదు. రాత్రి డ్యూటీ చేసిన సిస్టర్‌ని ఇంటి నుంచి పిలిపించి అడిగింది. రాసిన మందులే ఇచ్చానని ఒట్టేసింది. పెద్ద సిస్టర్‌దీ అదే మాట. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం.

ఇక స్టోర్ రూమ్ గొళ్లెం తీసింది.

చిట్టి సిస్టర్ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జుట్టు ముడి ఊడి భుజం మీద వేలాడుతోంది.

"పాపకి ఏమిచ్చావమ్మాయ్?"

"డాక్టర్ గారు రాసినవే మేడమ్."

"నిన్నటి బాబుకి?"

"వాడికీ అంతే."

"ఇద్దరికీ ఒకటే మందా?"

"కాదు. ఏ ఒక్కటీ కలవదు." ఆమె తలెత్తింది. "బయట వాళ్లు చంపుతారనీ భయమే మేడమ్, కాదనను. కానీ అంతకంటే పెద్ద భయం ఇంకోటుంది. నిజంగా నేనే ఏదో చేశానేమో. ఏం చేశానో మాత్రం ఎంత తలబాదుకున్నా తట్టడం లేదు."

ఇరవై ఏళ్లుగా దొంగ ఏడుపులు చూస్తున్న ఇన్‌స్పెక్టరమ్మకి ఇది దొంగ ఏడుపు కాదని తెలిసిపోయింది. తెలిసి ఏం లాభం? పిల్ల బతకాలిగా.

తిరిగి వార్డులోకి వస్తుంటే పెద్ద సిస్టర్ పక్కనే నడుస్తూ తన గోడు చెప్పుకొచ్చింది. ఇంత మంచి వార్డుకి ఇలాంటి మచ్చ వచ్చిందే అంది. వేరే చోట సూది ట్రే కనబడితే చాలు పిల్లలు గుక్కపట్టి ఏడుస్తారట. తన వార్డులో మాత్రం సూది పడ్డ సంగతే తెలియదట. చంటిపిల్లలు ఏడిస్తే తను చూడలేదట. అందుకే నొప్పి తెలియని ఏర్పాటు దగ్గరుండి చేయించిందట.

ఇన్‌స్పెక్టరమ్మ ఠక్కున ఆగిపోయింది.

"అందర్నీ పాప దగ్గరికి రమ్మనండి. ఇప్పుడే."

మంచం చుట్టూ చేరారు. డాక్టర్, పెద్ద సిస్టర్, రాత్రి సిస్టర్, చిట్టి సిస్టర్. తలవైపు తల్లి.

"డాక్టర్ గారూ, ఇందాక పాదంలో సూది గుచ్చారు. పాప ఏడవలేదు. ఎందుకని?"

"నీరసం మేడమ్."

"మరి నీరసంగా ఉన్న పిల్ల, చెంప మీద టేపు లాగితే వార్డు ఎగిరిపోయేలా ఎలా ఏడ్చింది?"

ఇన్‌స్పెక్టరమ్మ వంగి పాప చెవి తమ్మెని సుతారంగా నొక్కింది. పాప మొహం చిట్లించి ఏడ్చింది. పాదం పైన గోటితో నొక్కింది. పాపకి తెలియనే లేదు. చేతి మీద నొక్కింది. అక్కడా తెలియలేదు. దుప్పటి తీసి, ఆ చేతుల్నీ కాళ్లనీ వెలుతురు వైపు తిప్పి చూసింది. రెండు చేతుల మీదా, రెండు పాదాల మీదా, మోచేతుల మడతల్లో, చర్మం నలుచదరంగా పాలిపోయి ఉంది.

"ఇవేమిటి?"

"అవా?" పెద్ద సిస్టర్ తేలిగ్గా అంది. "తిమ్మిరి పూత మేడమ్. సూది వేయబోయే చోట ముందుగా పూసి పైన ప్లాస్టిక్ అంటిస్తాం, సూది వేసే ముందు తుడిచేస్తాం. నొప్పి తెలియదు."

"ఇందాక అందర్నీ మందులు అడిగాను. ఒక్కరూ ఇది చెప్పలేదేం?"

"ఇది మందేమిటి మేడమ్, పైపూత కదా."

డాక్టర్ మొహంలో రక్తం లేదు. "ఎవరు పూశారు?" అని అడిగాడు. అడుగుతూనే ఎమర్జెన్సీ అల్మారా వైపు పరుగెత్తాడు.

రాత్రి సిస్టర్ చెయ్యెత్తింది. తెల్లవారాక డాక్టర్ కొత్త సూది వేస్తారన్నారు, నరం ఎక్కడ దొరుకుతుందో తెలియదు కనుక ఆరు చోట్లా పూశాను అంది. డాక్టర్ రాలేదు, పైన నిన్నటి బాబు దగ్గర చిక్కుకుపోయాడు. డ్యూటీ మారింది. ప్లాస్టిక్ ఊడి ఉంటే పూత ఆరిపోయిందనుకుని చిట్టి సిస్టర్ తుడిచి మళ్లీ పూసింది. అప్పటికీ డాక్టర్ రాలేదు. రౌండుకొచ్చిన పెద్ద సిస్టర్, పాప సూదికి ఏడుస్తుందేమోనని, తన చేత్తో ఇంకో వరస వేసింది. మందైతే ఒకరికొకరు అప్పజెప్పేవారు. పూతే కదా అని ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నిన్నటి బాబుకీ ఒకరి తర్వాత ఒకరు ఇలాగే పూశారు. ఎవరిని అడిగినా ఒక్కసారే పూశామన్నారు. అబద్ధం ఆడినవాళ్లు ఒక్కరూ లేరు.

డాక్టర్ సిరంజితో వచ్చాడు. అందులో సిరాలాంటి నీలం మందు. పూత చర్మంలోంచి రక్తంలోకి దిగుతుందని, చంటిపిల్లల్లో అది మితి మీరితే రక్తం ప్రాణవాయువుని మోయలేక ఇలా గోధుమ రంగుకి తిరుగుతుందని, ఎంత ఆక్సిజన్ పెట్టినా దండగేనని గబగబా చెప్పాడు. చెబుతూనే మందు ఎక్కించాడు. చిట్టి సిస్టర్ తడిబట్ట తెచ్చి పాప ఒళ్లు తుడిచింది. ఎవరో ఐసీయూకి ఫోన్ చేశారు. పెద్ద సిస్టర్ మాత్రం ఉన్నట్టుండి కెవ్వుమని రెండు మంచాల అవతలికి పరుగెత్తింది. అక్కడ ఇంకో పసివాడు. వాడి చేతుల మీద కూడా ప్లాస్టిక్ మెరుస్తోంది. దాన్ని పీకి పారేసి, అక్కడే నేల మీద కూలబడిపోయింది.

అందరూ పాప పెదవులే చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరమ్మ ఏ దేవుడికి మొక్కిందో ఆమెకే తెలియదు. కాసేపటికి పెదవి అంచున ఎరుపు పొటమరించింది. తర్వాత చెవులు. తర్వాత గోళ్లు. పైనుంచి కబురొచ్చింది, బాబు కూడా తేరుకుంటున్నాడని.

"బాబు నిన్నటి నుంచీ తట్టుకున్నాడు. అవే మూడు వరసలకి పాప రక్తంలోకి ఇంత దిగకూడదే," అని డాక్టర్ గొణిగాడు.

తల్లి గుప్పిట తెరిచింది. అందులో సగానికి పైగా నొక్కేసిన తిమ్మిరి పూత ట్యూబు.

"బల్ల మీద ఉంది. పాత సూది చోట చెయ్యి వాచిపోయి, పాప మూలుగుతుంటే చూడలేకపోయాను. సిస్టర్లు రాస్తే నొప్పి పోతోంది కదా అని..." ట్యూబు మంచం మీద పెట్టింది. "చెయ్యంతా రాశాను. తొడలకీ రాశాను. పాప నీలంగా అయ్యాక, ఇది పైకి తీయాలంటే భయమేసింది. అందుకే ఈమె జుట్టు పట్టుకున్నాను."

పక్క మంచాల తల్లులు తమ పిల్లల చేతులు తడిమి చూసుకున్నారు.

అందరికంటే ముందు చిట్టి సిస్టరే తేరుకుంది. "ట్యూబు బల్ల మీద వదిలింది నేను మేడమ్. గేటు దగ్గర అది చెప్పండి, చాలు. ఈమె మాట ఎత్తకండి."

"వద్దు," అంది తల్లి. "నేనే చెబుతాను."

ఇన్‌స్పెక్టరమ్మ ఆమెని గేటు దాకా నడిపించింది. పట్టుకున్న చెయ్యి మంచుగడ్డలా ఉంది. తనదీ అంతే. గేటు తీయగానే జనం ముందుకు తోసుకొచ్చారు. అందరి కంటే ముందు తండ్రి, చేతిలో ఇటుక ముక్క.

"పాప దక్కిందయ్యా," అంది తల్లి. "అందరం కలిసి తిమ్మిరి పూత పూసి పాపని ఇలా చేశాం. అందరికంటే ఎక్కువ పూసింది నేను. నొప్పి తగ్గుతుందనుకున్నాను."

అతను పెళ్లాన్ని చూశాడు. ఆ వెనక తలుపులో నిలబడ్డ చిట్టి సిస్టర్‌ని చూశాడు. ఇటుక ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. దాన్ని ఎవరి మీద వేయాలో తెలియక, కింద పడేయడమూ చేతగాక, వెక్కి వెక్కి ఏడ్చాడు.